బిలియర్డ్స్ బంతులకు ఇంట్లో పాలిష్ మెషీన్: ఏ మోటార్ పెట్టాలి, ఏది వద్దు

నేను చేసిన మొదటి మెషీన్‌లోంచి తీసిన బంతికి రెండు కళ్ళున్నాయి. ఒళ్ళంతా అద్దంలా మెరుస్తోంది గానీ, ఎదురెదురుగా రెండు చోట్ల రూపాయి బిళ్ళంత మేర, క్యూ కర్ర మొనకు రాసే చాక్ మసక అలాగే ఉండిపోయింది. వేసిన ఎనిమిది బంతులకీ అదే వరస. మా బావ ఒక బంతిని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం బామ్మర్దీ, దిష్టి చుక్కలు పెట్టావా?" అన్నాడు.

మాది బెంగళూరు మారతహళ్ళిలో అపార్ట్‌మెంట్. క్లబ్‌హౌస్‌లో ఒక పూల్ టేబుల్ ఉంది, దాని బాగోగులు నా నెత్తిన పడ్డాయి. బావ కె.ఆర్.పురం వైపు నాలుగు టేబుళ్ళ స్నూకర్ పార్లర్ నడుపుతాడు. కంపెనీ పాలిష్ మెషీన్ ధర అడిగితే మంచి వాషింగ్ మెషీన్ ధరను దాటేసింది. అందుకని ఇద్దరం సొంతంగా చేసుకుందామని దిగాం. ఏడాదిలో మూడు రకాలు చేశాం, ఇంకో రెండు రకాలు దగ్గరగా చూశాం. మీరూ చేసుకోవాలనుకుంటే మా డబ్బులు ఎక్కడ వృథా అయ్యాయో తెలిస్తే చాలు, మీవి మిగులుతాయి.

ముందు ఆ కళ్ళ సంగతి చెప్తాను. బంతి ఒకే ఇరుసు మీద తిరిగిందంటే నడుం చుట్టూ ఒక పట్టీలాగా రుద్దుకుంటుంది. రెండు కొనలకు గుడ్డ తగలదు, భూమికి ధ్రువాలున్నట్టు. మోటార్ బలం పెంచితే ఆ పట్టీ ఇంకా మెరుస్తుందే తప్ప కళ్ళు పోవు. మనిషి నిద్రలో ఒత్తిగిలినట్టు బంతి మాటిమాటికీ ఒత్తిగిలాలి. నేను ఏ డిజైన్ చూసినా మొదట అడిగే ప్రశ్న ఇదే: ఇందులో బంతి ఒత్తిగిలుతుందా? వాట్లు, హార్స్‌పవర్ లెక్కలు తర్వాత.

అసలు మెషీన్ కావాలా?

ఇంట్లో ఒకే టేబుల్, ఆదివారాలు మాత్రం ఆడతారు అంటే వద్దు. గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల గిన్నెల సబ్బు, ఒక మైక్రోఫైబర్ గుడ్డ, పావుగంట ఓపిక చాలు. పూల్ సెట్‌లో ఉండేదే 16 బంతులు. మెషీన్ తయారీకి పోయే మూడు ఆదివారాల్లో ఏడాదికి సరిపడా చేత్తో తుడిచేయొచ్చు.

రోజూ పదిమంది ఆడే చోట లెక్క వేరు. క్యూ చాక్ అంటే మన స్కూలు సుద్ద అనుకోకండి. అందులో ఉండేది సిలికా, అల్యూమినియం ఆక్సైడ్. రెండూ గీకే పొడులే. అది చేతి జిడ్డుతో కలిసి బంతికి పట్టేస్తే బంతీ బంతీ తగిలేచోట ఒరిపిడి పెరుగుతుంది. కొట్టిన బంతి గురి పెట్టిన దారిలో పోకుండా పక్కకు లాగేస్తుంది. స్నూకర్ ఆడేవాళ్ళు 'కిక్' అని తిట్టుకునే ఇలాంటి చెడు తాకిడికి మామూలుగా చాక్ మరకనే నిందిస్తారు. దానికి తోడు మా అవుటర్ రింగ్ రోడ్ దుమ్ము. క్లబ్‌హౌస్ కిటికీ తీసిన గంటకే టేబుల్ మీద వేలితో పేరు రాయొచ్చు. అందుకే బంతుల్ని మెషీన్‌లో వేసేముందు కడిగి, ఆరబెట్టాలి. ఇసుక రేణువులతో సహా వేస్తే అది పాలిష్ పెట్టదు, ఉప్పుకాగితంలా గీకుతుంది.

కొలతలు కూడా గుర్తుంచుకోవాలి. పూల్ బంతి వ్యాసం 57.15 మి.మీ., తేడా 0.127 మి.మీ. వరకు ఒప్పుకుంటారు. బరువు 156 నుంచి 170 గ్రాములు. స్నూకర్ బంతి 52.5 మి.మీ., అటూ ఇటూ 0.05 మి.మీ. కన్నా మించకూడదు. ఒక సెట్‌లోని 22 బంతుల మధ్య బరువు తేడా 3 గ్రాములు దాటకూడదు. అంటే మన మెషీన్ బంతిని అరగదీయకూడదు, మెరిపించి వదిలేయాలి.

బంతి దేంతో చేసిందో కూడా చూసుకోండి. ఒకప్పుడు వీటిని ఏనుగు దంతంతో చేసేవారు. 1907లో బేక్‌లాండ్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన బేకలైట్ వంశానికి చెందిన ఫినాలిక్ రెసిన్ అనే గట్టి ప్లాస్టిక్‌నే ఇప్పుడు మంచి బంతులకు వాడుతున్నారు. బెల్జియం నుంచి వచ్చే ఆరామిత్ బంతులు అవే. చవక సెట్లు పాలియెస్టర్‌వి, కాస్త మెత్తన. ఫినాలిక్ బంతి పది నిమిషాలు తట్టుకునే రాపిడిని పాలియెస్టర్ బంతికి అయిదు నిమిషాలతో ఆపేయడం మేలు.

వద్దే వద్దనేవి రెండు

బెంచ్ గ్రైండర్‌కు గుడ్డ చక్రం తగిలించి బంతిని చేత్తో పట్టుకుని పాలిష్ పెట్టడం చాలామందికి మొదట తట్టే ఆలోచన. ఇత్తడి బిందెకు బాగుంటుంది. గ్రైండర్ నిమిషానికి సుమారు 2850 చుట్లు తిరుగుతుంది. 6 అంగుళాల చక్రం అంచు వేగం లెక్కేస్తే సెకనుకు 22 మీటర్లు, అంటే గంటకు 80 కిలోమీటర్లు. పాలిష్ రాసిన నున్నటి గుండ్రటి వస్తువును ఆ వేగం ముందు వేళ్ళతో పట్టుకోవడం అయ్యే పని కాదు. జారిందంటే 170 గ్రాముల బంతి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. జారకపోయినా ఒకేచోట వేడెక్కుతుంది, ఎక్కడ ఎంత అరిగిందో కంటికి తెలియదు.

రెండోది, రంగురాళ్ళను సానపెట్టే అడ్డ డ్రమ్ము. అందులో బంతులు పైకెక్కి ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. ఒత్తిగిలడం మాత్రం బ్రహ్మాండంగా జరుగుతుంది, దాంతోపాటు పెచ్చులూ లేస్తాయి. ఇంతకన్నా చెప్పేదేం లేదు.

బకెట్ పద్ధతి

ఇంట్లో చేసుకోదగ్గవన్నీ దాదాపు దీని పిల్లలే. 20 లీటర్ల పెయింట్ బకెట్ తీసుకుని అడుగు కోసేయాలి. లోపలి గోడకు పొట్టి నూలు కార్పెట్ అతికించాలి. కింద 12 మి.మీ. ప్లైవుడ్‌తో గుండ్రటి పళ్ళెం, దాని మీదా అదే కార్పెట్. గోడ కదలదు, పళ్ళెం తిరుగుతుంది. బంతులు పళ్ళేనికీ గోడకీ మధ్య దొర్లుతూ రుద్దుకుంటాయి. అతికించడానికి ఫెవికాల్ ఎస్‌ఆర్ లాంటి రబ్బరు గమ్ము వాడండి, తెల్ల ఫెవికాల్ తడికి ఊడొస్తుంది. పళ్ళేనికీ బకెట్‌కీ మధ్య సందు 3 మి.మీ. మించితే కార్పెట్ పోగులు అందులో ఇరుక్కుని మోటార్‌ను పట్టేస్తాయి. మాకు రెండుసార్లు అయింది.

బకెట్ అడుగు వెడల్పు 26 సెం.మీ. దాకా ఉంటే పూల్ బంతులు వరసగా 10 పడతాయి. కానీ 8 వేయండి. సందుంటేనే కదులుతాయి.

ఇక వేగం. గోడ పక్కనుండే బంతి మధ్యబిందువు నుంచి సుమారు 10 సెం.మీ. దూరంలో ఉంటుంది. అది పళ్ళెంతో సమానంగా తిరిగితే, నిమిషానికి 95 చుట్ల దగ్గర పక్కకు తోసే బలం బంతి బరువుకు సమానమవుతుంది. నిజానికి బంతి వెనకబడుతుంది కాబట్టి తోపు అంతకన్నా తక్కువే, కానీ హద్దు ఎక్కడుందో తెలియడానికి ఈ లెక్క పనికొస్తుంది. ఆ హద్దును బాగా దాటితే బంతులు గోడకు అతుక్కుని ఒకే ఇరుసు మీద గిరగిరా తిరుగుతాయి. కళ్ళు పుట్టేది అక్కడే. 50 నుంచి 80 మధ్య ఉంచుకుంటే మంచిది.

మోటార్ల పోలిక

నా మొదటి మెషీన్ పాత సీలింగ్ ఫ్యాన్‌తో. రెక్కలు పీకి తలకిందులుగా పెడితే, తిరిగే బాడీయే సిద్ధంగా ఉన్న పళ్ళెం. ఖర్చు దాదాపు సున్నా, ప్రతి ఇంట్లో అటక మీద ఒకటి పడి ఉంటుంది. ఆశ పుట్టడం సహజం. చిక్కల్లా వేగంలో ఉంది. రెక్కల మీద గాలి బరువు లేకపోతే ఫ్యాన్ 350 దాటి పరుగెడుతుంది. రెగ్యులేటర్ తగ్గిస్తే బలం కూడా పడిపోతుంది. కిలోపైన బంతులు పడగానే మూలిగి ఆగిపోవడం, కాస్త తోస్తే మళ్ళీ రంకెలేస్తూ పరుగెత్తడం. మధ్యస్థంగా నిలబెట్టడం నా వల్ల కాలేదు. పైగా 230 వోల్టుల మోటార్ మీద తడి పాలిష్ కారుతుంటే నాకు నిద్రపట్టలేదు.

రెండోసారి జె.సి. రోడ్‌కు వెళ్ళి కారు వైపర్ మోటార్ తెచ్చాను. ఒక్క పూల్ సెట్ ఉన్నవాళ్ళకు నేను ఇచ్చే సలహా ఇదే. లోపలే పళ్ళ చక్రం ఉంటుంది కాబట్టి బెల్టూ పుల్లీ అక్కర్లేదు. మామూలుగా రెండు వేగాలుంటాయి, నిమిషానికి 45 ఒకటి, 65 ఒకటి దరిదాపుల్లో. మనకు కావలసింది అదేగా. బలానికి లోటు లేదు, తడి అద్దం మీద వైపర్‌ను ఈడ్చేది అదే కదా. 12 వోల్టులతో నడుస్తుంది కాబట్టి తడి చేత్తో తాకినా షాక్ భయం లేదు. ఎల్‌ఈడీ లైట్లకు వాడే 12 వోల్టుల 10 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటును 12 వోల్టులకు మార్చే డబ్బా) ఎస్.పి. రోడ్‌లో ఏ అంగట్లో అడిగినా ఇస్తారు. దానికి మాత్రం 230 వోల్టులు వస్తాయి, అందుకే బకెట్‌కు దూరంగా పైన పెట్టండి. నాకు అన్నీ కలిపి 2,500 లోపే అయింది.

కొనేటప్పుడు ఒక్క విషయం. షాఫ్ట్‌కు ఉండే చిన్న ఇనుప చెయ్యి, అదే వైపర్ లింకును తిప్పేది, ఊడదీసి ఇవ్వబోతారు. వద్దనండి. షాఫ్ట్ మీద సన్నటి పళ్ళుంటాయి, దానికి సరిపడే కప్లింగ్ బయట దొరకదు. ఆ చేతికే రెండు బెజ్జాలు వేసి ప్లైవుడ్ పళ్ళేనికి స్క్రూలు బిగిస్తే పని అయిపోతుంది. నాకీ సంగతి తెలియక మొదటిసారి చెయ్యి వదిలేసి వచ్చాను. మళ్ళీ ఆ అంగడికి పోతే ఆయన నవ్వి, "రేపొస్తావని తెలుసన్నా, పక్కన పెట్టినా" అన్నాడు. చిత్తూరు మనిషే.

బంతుల బరువంతా మోటార్ షాఫ్ట్ మీద వేయొద్దు. డైనింగ్ టేబుల్ మీద తిప్పుకునే పళ్ళేనికి అడుగున వచ్చే చదును బేరింగ్ ఒకటి మధ్యలో పెట్టండి. పది, పన్నెండు నిమిషాలు నడిపి కాసేపు ఆపండి, బాడీ వేడెక్కుతుంది. వెనక్కి తిప్పాలంటే తీగలు మార్చి కలపొచ్చు. చాలా వైపర్ మోటార్లలో బాడీయే నెగటివ్ కాబట్టి అది ఏ ఇనుముకూ తగలకుండా చెక్క మీద బిగించి ఉండాలి.

బావకు ఇది చాలలేదు. నాలుగు సెట్లంటే 88 బంతులు. ఆయన కోసం గుజరీలో పాత సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్ కొన్నాం. అందులో విలువైనది మోటార్ కన్నా టైమర్. బట్టలు ఉతికేటప్పుడు కాసేపు ఇటు, ఆగి, కాసేపు అటు తిప్పేది ఆ టైమరే కదా! దిశ మారిన ప్రతిసారీ బంతి తడబడి ఒత్తిగిలుతుంది. మనం వేరే సర్క్యూట్ చేయనక్కర్లేదు. పైగా సమయం అయిపోగానే దానంతటదే ఆగుతుంది.

తొట్టిలోనే బంతులు వేసేద్దామని మొదట అనుకున్నాం. తొట్టి మూలలు గుండ్రంగా లేవు, అక్కడ బంతులు జట్టుగా చేరి కూర్చుంటున్నాయి. దాంతో మోటార్, కెపాసిటర్, టైమర్ మూడూ తీసి యాంగిల్ స్టాండ్‌కు బిగించాం. పైన 35 సెం.మీ. ప్లాస్టిక్ డ్రమ్ము ముక్క. మోటార్ 1400 దగ్గర తిరుగుతుంది. పీణ్యలో ఒక లేత్ మేస్త్రితో పుల్లీలు చేయించి, మధ్యలో ఒక షాఫ్టు వేసి, వేగాన్ని నాలుగో వంతుకు, మళ్ళీ దానిలో నాలుగో వంతుకు తగ్గించాం. 1400ని 16తో భాగిస్తే 87. డ్రమ్ము పెద్దది కాబట్టి మన హద్దు ఇక్కడ 80 దగ్గరే వస్తుంది, కొంచెం పైనున్నాం, కానీ దిశ మారుతుండటంతో ఇబ్బంది రాలేదు. ఈ మోటార్‌కు ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టి వేగం తగ్గించాలని మాత్రం చూడకండి, వైండింగ్ కాలుతుంది. పుల్లీలే దారి. బెల్టుకు కచ్చితంగా రేకు మూత, ఇనుప స్టాండ్‌కు ఎర్తింగ్, ఆ ప్లగ్గుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్). ఈ మూడూ లేకుండా పార్లర్‌లో కుర్రాళ్ళ చేతికి ఇవ్వొద్దని బావకు గట్టిగా చెప్పాను.

కారు షెడ్లలో వాడే ఆర్బిటల్ పాలిషర్‌ను తలకిందులుగా బిగించి, దాని ప్యాడే బకెట్ అడుగుగా పెట్టడం మరో దారి. తెలిసినవాళ్ళ దగ్గర చూశాను. ప్యాడ్ గుండ్రంగా తిరుగుతూనే అదురుతుంది కాబట్టి బంతి ఒక్క క్షణం కూడా ఒకే ఇరుసు మీద నిలవదు. సమంగా మెరిపించడంలో మొదటి మార్కు దీనికే ఇస్తాను. మరి ఎందుకు చేయలేదంటారా? మిక్సీలో రాళ్ళు వేసినట్టు మోత. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో మొదటి రోజే గొడవైపోతుంది. ఈ పాలిషర్ ఇప్పటికే మీ దగ్గరుండి, ఇండిపెండెంట్ ఇల్లయితే మిగతావన్నీ వదిలేసి దీంతోనే మొదలుపెట్టండి.

బంతులు విడిగానా, గూళ్ళలోనా?

కంపెనీ మెషీన్లలో కొన్నింట్లో పళ్ళెం పైన బెజ్జాల పలక ఉంటుంది, ఒక్కో బంతికి ఒక్కో గూడు. బంతులు ఢీకొనవు, చప్పుడు తక్కువ. చూడ్డానికి ఎంతో పద్ధతిగా ఉంటుంది. కానీ ఇంట్లో చేసేటప్పుడు ఇదే ఎక్కువ మోసం చేస్తుంది. గూడులో బంతి కిందనుంచి ఒకే దిక్కుగా తోపు అందుకుంటుంది, ఇరుసు దాదాపు కదలదు, కళ్ళు పక్కా. పళ్ళెం లోపలి వైపు, బయటి వైపు వేగాల తేడా వల్ల కొంచెం మెలి తిరుగుతుంది గానీ చాలా నెమ్మది. గూళ్ళే కావాలంటే వాటిని ఒకే వలయంలో కాకుండా మధ్యకు దగ్గరగా కొన్ని, దూరంగా కొన్ని వేయాలి, గూటి అంచుకు మైక్రోఫైబర్ అతికించాలి, రెండు నిమిషాలకోసారి బంతుల్ని చేత్తో కదపాలి. ఇంత చేస్తే ఇక మెషీన్ ఎందుకని నాకు అనిపించింది. విడి బంతులకే నా ఓటు.

విడి బంతుల్లో కళ్ళు పోగొట్టింది రెండు చిన్న పనులు. బకెట్‌ను 10 డిగ్రీలు వంచి నిలబెట్టాం. దాంతో ఒకవైపు బంతులు గోడ ఎక్కుతాయి, ఇంకోవైపు జారి మధ్యకు వస్తాయి. రెండోది, పళ్ళెం మీది కార్పెట్ కింద, అంచుకు దగ్గరగా, పాత హవాయి చెప్పు ముక్క ఒకటి దూర్చి అతికించాం. అర సెంటీమీటర్ బొడిపె అంతే. అది వచ్చిన ప్రతిసారీ బంతి ఒక కుదుపు తిని పక్కకు పొర్లుతుంది. మా మెషీన్‌లో అన్నిటికన్నా చవకైన భాగం అదే, అన్నిటికన్నా పనికొచ్చిందీ అదే.

సమంగా అవుతోందో లేదో కంటితో తేల్చకండి. వైట్‌బోర్డ్ మార్కర్‌తో బంతికి ఆరు చుక్కలు పెట్టండి: పైన, కింద, నాలుగు పక్కలా. రెండు నిమిషాలు నడిపి ఆపండి. ఆరూ ఒకేలా వెలిసిపోతే మెషీన్ బాగున్నట్టు. నాలుగు పోయి ఎదురెదురు రెండు నిలిచాయంటే బొడిపె పెంచండి, లేదా వేగం తగ్గించండి. మెషీన్ పూర్తిగా కట్టకముందే, వేగం మార్చుకునే డ్రిల్లింగ్ మెషీన్‌కు పళ్ళెం తగిలించి ఈ పరీక్ష చేసుకోవచ్చు. నేను మొదట్లోనే ఆ పని చేసుంటే ఫ్యాన్‌తో కుస్తీ తప్పేది.

పాలిష్ విషయంలో నా మాట కాస్త చాదస్తంగా అనిపించొచ్చు. బంతులకని అమ్మే పాలిష్‌ను ఎనిమిది బంతులకు అర చెంచా వేయండి, చాలు. కారు వ్యాక్స్ వద్దు. పొర మిగిల్చి బంతిని జారుడుగా చేస్తుంది, ఆ జిడ్డు టేబుల్ గుడ్డకూ అంటుతుంది. టూత్‌పేస్ట్, రబ్బింగ్ కాంపౌండ్ గీకుతాయి. థిన్నర్, అసిటోన్ ఇంట్లోకే రానీయకండి. పాలిష్ అయ్యాక బంతుల్ని పొడి మైక్రోఫైబర్‌తో ఒకసారి తుడవండి. కార్పెట్ నున్నబడి గట్టిపడితే ఊడదీసి మార్చేయండి, ఉతికితే మా దగ్గర పోగులు లేచాయి.

ఒకటి మర్చిపోయాను. తెల్ల బంతి ఎక్కువ మురికవుతుందని దాన్నొక్కదాన్నే పదేపదే మెషీన్‌లో వేయాలనిపిస్తుంది. అది మిగతావాటికన్నా త్వరగా అరుగుతుంది. ఎక్కువసార్లు కావాలంటే చేత్తో తుడవండి, మెషీన్‌లోకి మాత్రం సెట్‌తోపాటే. రెండు మూడు నెలలకోసారి డిజిటల్ వెర్నియర్‌తో తెల్ల బంతిని మూడు దిక్కుల్లో కొలిచి గోడ మీద రాసుకోండి. వెర్నియర్‌లోనే 0.02 మి.మీ. వరకు తేడా ఉంటుంది కాబట్టి ప్రతి చిన్న అంకెకూ టెన్షన్ పడక్కర్లేదు.

బావ పార్లర్‌లో ఇప్పుడు ఈ పని సోమవారం పొద్దున మార్కర్ (ఆటలో పాయింట్లు లెక్కపెట్టే కుర్రాడు) చూసుకుంటాడు. సెట్‌కు 11 చొప్పున రెండు విడతలు, విడతకు పది నిమిషాలు. నాలుగు సెట్లు అయ్యేసరికి గంటన్నర, మధ్యలో టీ తాగొస్తే ఇంకాస్త. మా క్లబ్‌హౌస్ వైపర్ బకెట్‌ను నెలకు రెండుసార్లే తీస్తాం. అది కూడా మధ్యాహ్నం పూట, కింద ఫ్లోర్ పెద్దాయన నిద్ర లేచాక.